బ్యాంకు కాదన్నప్పుడు అప్పు కోసం ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

దరఖాస్తును తిరస్కరించినట్టు బ్యాంకు నుంచి కబురు అందాక మొదటి వారం చాలా జాగ్రత్తగా ఉండాలి. అవసరం అలాగే ఉంటుంది, గడువు దగ్గర పడుతుంటుంది, మనసు చిన్నబోయి ఉంటుంది. 'పది నిమిషాల్లో డబ్బు, కాగితాలు అక్కరలేదు' అనే ప్రకటనకు మనిషి లొంగిపోయేది ఆ వారంలోనే. దయచేసి ఆ వారం ఎక్కడా సంతకం పెట్టకండి. బ్యాంకుకూ అధిక వడ్డీ వ్యాపారికీ మధ్య చాలా మంది రుణదాతలు ఉన్నారు. సభ్యులే యజమానులుగా నడిచే పరపతి సంఘాలు, పొదుపు బృందాలు, లాభం కోసం కాకుండా పనిచేసే అభివృద్ధి రుణ సంస్థలు, వడ్డీ లేని అప్పులిచ్చే సేవా సంఘాలు వాటిలో ముఖ్యమైనవి. అవి పెద్దగా ప్రకటనలు ఇవ్వవు కాబట్టి మనమే వెతుక్కోవాలి.

వెతకడంలో చాలా మంది చేసే పొరపాటు ఒకటుంది. 'ఎవరు ఇస్తారు?' అనే ప్రశ్నతో మొదలుపెడతారు. 'బ్యాంకు ఎందుకు ఇవ్వలేదు?' అన్నది ముందు తేలాలి. బ్యాంకుకు మీలో కనిపించనిది ఏమిటో తెలిస్తే, దాన్ని చూడగలిగే రుణదాత ఎవరో దాదాపు దానంతటదే తెలుస్తుంది.

మొదట కారణం రాతపూర్వకంగా తీసుకోండి

బ్యాంకు ఉద్యోగి నోటిమాటగా చెప్పే 'సిస్టమ్ ఒప్పుకోలేదండీ' అనేది కారణం కాదు. మర్యాదగానే, ఒక ఉత్తరమో ఈమెయిలో రాసి కారణం అడగండి. ఇది చాలా దేశాల్లో మీకున్న హక్కు. అమెరికాలో పూర్తి దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా బ్యాంకు తన నిర్ణయం చెప్పాలి. నిరాకరిస్తే కారణాలు చెప్పాలి, లేదా 60 రోజుల్లోగా వాటిని అడిగే హక్కు మీకుందని తెలపాలి. మీరున్న చోట చట్టం ఇంత స్పష్టంగా లేకపోయినా అడగడం వల్ల నష్టం లేదు.

అదే రోజు మీ క్రెడిట్ నివేదిక, అంటే మీ అప్పులూ వాటిని కట్టిన తీరూ నమోదైన పత్రం కూడా తెప్పించుకోండి. భారతదేశంలో ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందే సౌకర్యం 2017 జనవరి నుంచి ఉంది. అమెరికా, బ్రిటన్లలోనూ ఉచితంగా తీసుకోవచ్చు. నివేదికను వరుస వరుసగా చదవండి. తీర్చేసిన అప్పు ఇంకా బకాయిగా కనిపిస్తోందా? మీ పేరుతో మరెవరి ఖాతా అయినా కలిసిపోయిందా? మీరు ఎప్పుడూ తీసుకోని అప్పు ఉందా? తప్పు కనిపిస్తే ఫిర్యాదు చేసి సరిచేయించండి. భారతదేశంలో 30 రోజుల్లోగా దిద్దకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది. తప్పు సరయ్యాక అదే బ్యాంకు ఒప్పుకోవచ్చు, అప్పుడు ఈ వెతుకులాటే అక్కరలేదు.

ఈలోగా మరో నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెట్టకండి. పెట్టిన ప్రతిచోటా, అప్పు కోసం మీ వివరాలు చూసినట్టు మీ నివేదికలో ఒక నమోదు పడుతుంది. తక్కువ కాలంలో అలాంటివి ఎక్కువైతే, ఈ మనిషి డబ్బుకు చాలా ఇబ్బంది పడుతున్నాడని తర్వాతి రుణదాత అనుకుంటాడు.

కారణాన్ని బట్టి దారి

మీకు క్రెడిట్ చరిత్రే లేకపోవడం వల్ల కాదన్నారా? ఇంతకుముందు అప్పు చేయనివారికీ, కొత్త దేశానికి వచ్చినవారికీ, ఇంటి లావాదేవీలన్నీ భర్త పేరునో తండ్రి పేరునో ఉన్న స్త్రీలకూ ఎదురయ్యే సమస్య ఇది. మీకు పొదుపు బృందమో పరపతి సంఘమో సరిపోతుంది, ఎందుకంటే అవి మీ పొదుపు అలవాటును స్వయంగా చూసి అప్పిస్తాయి.

ఆదాయం ఉన్నా జీతం చీటీ లేదన్నారా? చిన్న వ్యాపారులు, రోజువారీ పనివారు, చేతివృత్తులవారు ఇక్కడికి వస్తారు. సూక్ష్మరుణ సంస్థలు, అభివృద్ధి రుణ సంస్థలు మీ దుకాణానికో ఇంటికో వచ్చి లెక్క చూసి నిర్ణయిస్తాయి.

అడిగిన మొత్తం మరీ చిన్నదని పక్కన పెట్టారా? అది మీ లోపం కాదు. చిన్న అప్పుకూ పెద్ద అప్పుకూ కాగితాల పని ఒకటే కాబట్టి బ్యాంకుకు చిన్న అప్పు గిట్టదు. ఆ చిన్న అప్పుల కోసమే పుట్టిన సంస్థలు చాలా ఉన్నాయి.

పాత అప్పు ఎగవేసినట్టు రికార్డు ఉందా? దారి కష్టమే అయినా మూసుకుపోలేదు. జరిగింది నిజాయితీగా చెప్పి, ఆ తర్వాత ఏం మారిందో చూపించాలి. కింద దాని గురించి విడిగా రాశాను.

చివరి కారణం వేరు. మీ ఆదాయంలో ఇప్పటికే చాలా భాగం వాయిదాలకు పోతోందని బ్యాంకు చెప్పి ఉంటే, ఆ మాట వినండి. అప్పుడు వెతకాల్సింది కొత్త రుణదాతను కాదు, ఉచితంగా సలహా ఇచ్చే రుణ సలహా కేంద్రాన్ని. పాత రుణదాతలతో మాట్లాడి వాయిదాల గడువు పొడిగించుకోవడం కొత్త అప్పు కన్నా ఎన్నో రెట్లు మేలు. భారతదేశంలో సూక్ష్మరుణాలకు 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు మంచి కొలబద్ద: కుటుంబం కట్టే అన్ని వాయిదాలూ కలిసి నెల ఆదాయంలో సగాన్ని మించకూడదు. అది గరిష్ఠ హద్దు మాత్రమే. ఆదాయం నిలకడగా లేనివారు మూడో వంతు దగ్గరే ఆగడం మంచిదని నా అభిప్రాయం.

ఎవరెవరు ఉన్నారు

సభ్యుల పరపతి సంఘాలు, అంటే క్రెడిట్ యూనియన్లు, సహకార పరపతి సంఘాలు అందరికన్నా పాతవి. జర్మనీలో ఫ్రీడ్రిష్ రైఫైజెన్ 1864లో హెడెస్‌డార్ఫ్‌లో గ్రామీణ పరపతి సంఘం పెట్టాడు. కెనడాలోని లెవీలో అల్ఫాన్స్ డెజార్డాన్ 1900లో అలాంటిదే మొదలుపెట్టాడు. ఆ పద్ధతిలో ఇప్పటికీ పెద్ద మార్పు లేదు. సభ్యులు పొదుపు చేస్తారు, ఆ డబ్బునే సభ్యులకు అప్పుగా ఇస్తారు, పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు, ఎంత వాటా ఉన్నా ఒక మనిషికి ఒకే ఓటు. చేరాలంటే సభ్యుల మధ్య ఏదో ఒక ఉమ్మడి బంధం ఉండాలి: ఒకే ఊరు, ఒకే ఉద్యోగం, ఒకే వృత్తి సంఘం. మీకు అర్హత లేదనుకునే ముందు నిబంధనలు చదవండి, కుటుంబంలో ఒకరు సభ్యులైతే మిగతావారికీ అవకాశమిచ్చే సంఘాలు చాలా ఉన్నాయి. కొన్ని సంఘాలు చేరిన వెంటనే అప్పు ఇవ్వవు, కొన్ని నెలలు పొదుపు చేయమంటాయి. అందుకే అవసరం లేనప్పుడే చేరి ఉండటం మంచిది. ఇది చదువుతున్న మీకు ఇప్పుడు అప్పు అక్కరలేకపోతే, ఈ ఒక్క పనీ ఈ నెలలోనే చేయండి.

అభివృద్ధి రుణ సంస్థలు వేరే రకం. బ్యాంకులు పట్టించుకోని ప్రాంతాలకూ వర్గాలకూ అప్పులివ్వడమే వీటి పని. అమెరికాలో వీటికి ధ్రువీకరణ, నిధులు ఇవ్వడానికి 1994లో ఒక ప్రత్యేక ప్రభుత్వ నిధిని ఏర్పాటు చేశారు. ధ్రువీకరణ పొందిన సంస్థల జాబితా అందరికీ అందుబాటులో ఉంటుంది, అందులో వెయ్యికి పైగా సంస్థలున్నాయి. వీటి దగ్గర అప్పుతో పాటు లెక్కలు రాయడం, వ్యాపార ప్రణాళిక వేయడం వంటి వాటిలో సాయం కూడా దొరుకుతుంది. చిన్న వ్యాపారానికి ఒక్కోసారి అప్పు కన్నా ఆ సాయమే విలువైనది.

పొదుపు బృందాల గురించి తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. భారతదేశంలో నాబార్డు 1992లో ఈ బృందాలను బ్యాంకులతో అనుసంధానించడం మొదలుపెట్టింది. బృందం మంచిదా కాదా అని చూడటానికి వాడే పంచసూత్రాలు ఎక్కడైనా పనికొస్తాయి: క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, లోపల అప్పులు ఇచ్చిపుచ్చుకోవడం, సకాలంలో తిరిగి చెల్లింపు, సరైన పుస్తక నిర్వహణ. ఆఫ్రికాలో 1991లో నైజర్‌లో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టిన గ్రామ పొదుపు బృందాలు బ్యాంకుతో పనే లేకుండా నడుస్తాయి. డబ్బు మూడు తాళాల పెట్టెలో ఉంటుంది, తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంటాయి, ఏడాది చివర అందరూ పంచుకుంటారు.

చిట్టీల వంటి వంతుల పద్ధతి ప్రపంచమంతా ఉంది. మెక్సికోలో తాండా, ఇథియోపియాలో ఇక్కుబ్, ఇండోనేషియాలో అరిసాన్ ఇలాంటివే. చిట్టీలో చేరితే రెండు విషయాలు చూసుకోండి. చట్టప్రకారం నమోదైనదా, మీ వంతు డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది? అవసరం వచ్చే నెలదైతే, ఎప్పుడో వచ్చే వంతు ఉపయోగపడదు. మామూలు వంతుల పద్ధతిలో ఎంత బాగా కట్టినా క్రెడిట్ చరిత్ర ఏర్పడదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ అసెట్ ఫండ్ అనే సేవా సంస్థ ఈ లోపాన్ని సరిచేసింది. వంతుల చెల్లింపులను క్రెడిట్ సమాచార సంస్థలకు తెలియజేసి, సభ్యులకు చరిత్ర ఏర్పడేలా చేస్తోంది. మీ దగ్గర ఇలాంటిది ఉంటే తప్పక చేరండి.

వడ్డీ లేని అప్పులిచ్చే సంఘాలూ ఉన్నాయి. పాకిస్తాన్‌లో 2001లో మొదలైన అఖువత్ ఈ కోవలోనిదే. యూదు సమాజాలు అనేక నగరాల్లో ఇలాంటి సంఘాలు నడుపుతాయి, వాటిలో చాలా వరకు అన్ని మతాలవారికీ ఇస్తాయి. ఇవి సాధారణంగా హామీదారును అడుగుతాయి. 2005లో మొదలైన కివా అనే వెబ్‌సైటు ద్వారా ఎందరో మనుషులు కొద్ది కొద్దిగా వేసిన డబ్బు అప్పుగా అందుతుంది. అమెరికాలోని చిన్న వ్యాపారులకు అక్కడ వడ్డీ లేదు, కానీ మొదట మీ సొంత పరిచయస్తులలో కొందరు తలా కొంత వేయాలి. మీ చుట్టుపక్కలవారు మిమ్మల్ని నమ్ముతున్నారా అని చూసే పరీక్ష అది.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి

ఫోనులో 'వెంటనే అప్పు' అని వెతక్కండి. ఆ మాటకు పైన కనిపించేవి డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనలే. మీ దేశంలో రుణ సంస్థలను పర్యవేక్షించే అధికార సంస్థ వెబ్‌సైటులో నమోదైన సంస్థల జాబితా ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. పరపతి సంఘాల సమాఖ్యలు కూడా తమ సభ్య సంఘాల చిరునామాలు ఇస్తాయి. ఆ తర్వాత మనుషులను అడగండి. మీ వృత్తి సంఘం, కార్మిక సంఘం, పనిచేసే చోటి పరపతి సంఘం, ప్రార్థనా స్థలం, మహిళా సంఘం, చిన్న వ్యాపారాలకు సలహా ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం, ఇలా ఏదో ఒక చోట తెలిసినవారు దొరుకుతారు.

కాదన్న బ్యాంకు అధికారిని కూడా అడగండి. 'మీ దగ్గర కుదరలేదు సరే, నాలాంటివారికి ఎవరిస్తారు?' అంటే చాలా మంది సంతోషంగానే చెబుతారు. బ్రిటన్‌లో పెద్ద బ్యాంకులు తాము తిరస్కరించిన చిన్న వ్యాపారుల వివరాలను, వారు ఒప్పుకుంటే, ఇతర రుణదాతలను చూపించే వేదికలకు పంపాలన్న నియమం 2016 నుంచి ఉంది.

మంచి రుణదాతను, మోసగాడిని వేరుచేయడం

ఇక్కడ తొందరపడకండి. 'సంఘం', 'సహకార', 'ప్రజా' అన్న పేర్లు ఎవరైనా పెట్టుకోవచ్చు. నమోదు సంఖ్య అడిగి, దాన్ని వారి కాగితం మీద కాకుండా అధికార సంస్థ జాబితాలో సరిచూడండి. అప్పు మంజూరు కావాలంటే ముందుగా ఫీజు పంపమని అడిగితే అక్కడితో మాట ఆపేయండి. నిజమైన సంస్థలు ఫీజు తీసుకున్నా రసీదు ఇస్తాయి, ఎవరిదో సొంత ఖాతాకు పంపమనవు. ఫోనులోని పరిచయస్తుల నంబర్లు, ఫోటోలు చూసేందుకు అనుమతి అడిగే లోన్ యాప్‌ను వెంటనే తీసేయండి. వాయిదా తప్పితే ఆ నంబర్లకు ఫోను చేసి పరువు తీయడానికే ఆ అనుమతి. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం ఎవరికీ ఇవ్వకండి.

ఇక వడ్డీ. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. 12,000 అప్పు, 12 నెలలు, 'ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీ' అన్నారనుకోండి. వడ్డీ 1,440. మొత్తం 13,440ని పన్నెండుతో భాగిస్తే నెలకు 1,120 కట్టాలి. చూడటానికి 12 శాతమే. కానీ నెలనెలా అసలు తీరుతూ ఉంటుంది, ఆరు నెలలయ్యేసరికి దాదాపు సగం అప్పు తీరిపోతుంది. అయినా వడ్డీ మాత్రం మొదటి నుంచి చివరి దాకా 12,000 మీదే వేశారు. తగ్గే బకాయి మీద లెక్కిస్తే అసలు రేటు సుమారు 21.5 శాతం. పైగా 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని 11,760 చేతికిస్తే, రేటు 25 శాతం దాటుతుంది. 'నెలకు నూటికి రెండు' అని చెప్పేవారి వడ్డీ ఏడాదికి 24 శాతం, అదీ చక్రవడ్డీ లేకపోతేనే.

కాబట్టి ప్రతిచోటా ఒకే ప్రశ్న వేయండి: 'ఫీజులు, బీమా అన్నీ కలిపి, తగ్గే బకాయి మీద వార్షిక వడ్డీ ఎంత?' దాంతో పాటు, చేతికి వచ్చేదెంత, మొత్తం కట్టేదెంత అన్న రెండు అంకెలు కాగితం మీద రాయించుకోండి. ఈ రెండూ చెప్పడానికి నసిగేవారి దగ్గర అప్పు తీసుకోకండి.

సంఘాల అప్పు ఎప్పుడూ చవకే అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో క్రెడిట్ యూనియన్ నెలకు 3 శాతం దాకా వసూలు చేయవచ్చు. అమెరికాలో ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు ఇచ్చే చిన్న అత్యవసర అప్పులకు హద్దు ఏడాదికి 28 శాతం. బ్యాంకుతో పోలిస్తే ఎక్కువే, కానీ హద్దు అనేది ఒకటుంది. జీతం రోజు దాకా అప్పిచ్చే దుకాణాల దగ్గర అది చాలా చోట్ల ఉండదు.

కాగితాలు సిద్ధం చేసుకోవడం

మీరు కలవబోయేవారు మిమ్మల్ని ఒక మనిషిగా తెలుసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. వారికి ఆధారం మీరే ఇవ్వాలి. ఆరు నెలల రాబడి, ఖర్చు రాసిన పుస్తకం ఉంటే దాన్ని మించినది లేదు. లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి, రెండు నెలల లెక్క కూడా ఏమీ లేకపోవడం కన్నా ఎంతో మేలు. అద్దె, కరెంటు, ఫోను బిల్లులు వేళకు కట్టిన రసీదులు, సరుకు అరువిచ్చే వ్యాపారి రాసిన ఉత్తరం, ఎప్పుడూ వచ్చే ఖాతాదారుల ఆర్డర్లు జత చేయండి. అప్పు దేనికి, ఎంత, ఏ రాబడిలోంచి ఎలా తీరుతుంది అన్నది ఒక్క పేజీలో రాయండి. రాబడి తగ్గే నెలల్లో ఏం చేస్తారో కూడా అందులో ఉండాలి. ఆ ఒక్క వాక్యం మీ మీద నమ్మకాన్ని బాగా పెంచుతుంది.

పాత ఎగవేత ఉంటే వారు అడిగేదాకా ఆగకండి, మీరే ముందు చెప్పండి. ఎప్పుడు, ఎందుకు, ఎంత మిగిలింది, ఇప్పుడు ఏం మారింది అన్నవి నాలుగు మాటల్లో చాలు. జబ్బు వల్లో, ఉద్యోగం పోవడం వల్లో జరిగితే దానికి కాగితం చూపండి. దాచిపెట్టి తర్వాత బయటపడితే ఆ సంఘంలో మళ్లీ ఎవరూ మీ తరఫున మాట్లాడరు.

మొదటిసారి కావాల్సిన దానికన్నా తక్కువే అడగడం తెలివైన పని. చిన్న అప్పు వేళకు తీర్చినవారికి రెండోసారి పెద్దది ఇవ్వడం ఈ సంస్థల్లో చాలా వరకు ఆనవాయితీ.

సంతకం పెట్టే ముందు

హామీదారు అంటే ఏమిటో మీ హామీదారుకు ముందే అర్థమయ్యేలా చెప్పండి. మీరు కట్టకపోతే అప్పు వారిదే అవుతుంది, వారి క్రెడిట్ నివేదిక కూడా దెబ్బతింటుంది. బంధువు మొహమాటానికి సరే అంటే అది ఒప్పుకోవడం కాదు.

బృందంతో కలిసి అప్పు తీసుకుంటే ఒకరి బాకీకి అందరూ బాధ్యులు. కాబట్టి బృందంలో ఎవరున్నారో చూసుకోండి. ఒకేసారి రెండు మూడు సంస్థల దగ్గర తీసుకుని ఒకదానితో మరొకటి తీర్చే పద్ధతిలోకి దిగకండి. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాలు సంక్షోభంలో పడటానికి అలా పేరుకుపోయిన అప్పులు, వసూళ్లలో ఒత్తిడి ముఖ్య కారణాలు. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేనాటికే ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి.

పరపతి సంఘంలో పొదుపు కూడా చేయమంటే, ఆ డబ్బుకు డిపాజిట్ బీమా, అంటే సంస్థ మూతపడితే డబ్బు తిరిగి ఇప్పించే ఏర్పాటు ఉందా అని అడగండి. భారతదేశంలో సహకార బ్యాంకులకు అది ఉంది, ప్రాథమిక పరపతి సంఘాలకు లేదు. లేనిచోట అప్పుకు అవసరమైనంత పొదుపే పెట్టండి, జీవితకాలపు కూడబెట్టు పెట్టకండి. ముందుగా తీరిస్తే జరిమానా ఉందా, వాయిదా ఒకటి తప్పితే ఎంత పడుతుంది, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నవీ ఒప్పందంలో చూడండి.

ఇక్కడా కాదంటే, అవునంటే

కాదంటే మళ్లీ అదే ప్రశ్న: ఎందుకు, ఎప్పుడు తిరిగి రావచ్చు? ఈ సంస్థల్లో 'ఇప్పుడు కాదు' అంటే చాలా సార్లు నిజంగానే ఇప్పుడు కాదని అర్థం. ఆరు నెలల పొదుపో, లెక్కల పుస్తకమో, ఒక హామీదారో కావాలంటారు. సభ్యత్వం మాత్రం ఆ రోజే తీసుకుని బయటకు రండి. మీ దగ్గర ఏ సంఘమూ లేకపోతే, ఒకరినొకరు బాగా ఎరిగిన పది పదిహేను మంది కలిసి పొదుపు బృందం మొదలుపెట్టవచ్చు. ఈ నెల అవసరానికి అది అందదు, వచ్చే ఏటి అవసరానికి అందుతుంది.

అవునంటే, మీ చెల్లింపులను క్రెడిట్ సమాచార సంస్థలకు తెలియజేస్తారా అని అడగండి. తెలియజేసే చోట ప్రతి వాయిదా మీకు చరిత్రగా నమోదవుతుంది. రాబడి వచ్చే తేదీకి ఒకటి రెండు రోజుల తర్వాత వాయిదా పడేలా అడిగి పెట్టించుకోండి. ఇబ్బంది వచ్చేలా ఉంటే గడువు దాటకముందే వెళ్లి మాట్లాడండి, ముందు వచ్చి చెప్పినవారికి వీరు సాధారణంగా వెసులుబాటు ఇస్తారు. చివరి వాయిదా కట్టిన రోజు బాకీ లేదన్న ధ్రువపత్రం, తనఖా పెట్టిన కాగితాలు, ఇచ్చిన చెక్కులు అన్నీ చేతికి తీసుకోండి. రెండు నెలలాగి క్రెడిట్ నివేదిక మరోసారి తెప్పించి, ఆ అప్పు ముగిసినట్టు నమోదైందో లేదో చూసుకోండి. కాకపోతే ధ్రువపత్రం నకలు జత చేసి సరిచేయమని రాయండి.